అసలు ప్రతి ఏది?
పాత జపాను కార్లు, కొత్త ఇంజన్లు

పాత వస్తువును పాతగానే వుంచాలి, దానిపై చెయ్యి వేయడం అపచారం అన్న అభిప్రాయం మన విద్యావంతులలో బలంగా వుంది. తాళపత్ర గ్రంథాలతో పరిచయమున్న మాబోటివాళ్ళకు అది మరీ ఎక్కువ. పాఠాంతరాలను పోల్చి, ప్రక్షిప్తాలను ఏరివేసి, కవి చెప్పిన పాఠానికి వీలైనంత దగ్గరగా చేరాలన్నది ఎం.ఏ. చదివే రోజుల్లోనే మాకు నేర్పిన ధర్మం. ఆ ధర్మాన్ని నేను ఇప్పటికీ కాదనను. కాని దాన్నే కావ్యాలకు వెలుపల, మనిషి చేతితో చేసి వాడుకునే ప్రతి వస్తువుకూ వర్తింపజేస్తే ఏమవుతుందన్నది ఈ వ్యాస విషయం. ఇందుకు నేను తీసుకున్న ఉదాహరణ కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చు. అది పాత జపాను కార్లలో ఇంజన్లనూ, స్ప్రింగులనూ, గేరుబాక్సులనూ తీసి వేరేవి అమర్చే పని చరిత్ర.

ఈ విషయంపైకి నా దృష్టి మళ్ళించినవాడు మా మేనమామ. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్ళుగా మెకానిక్కు. ఒక సెలవురోజున ఆయన షెడ్డులో కూర్చుని, జపానులో భద్రంగా దాచిన ఒక పాత స్కైలైన్ కారు బొమ్మ ఫోనులో చూపించాను. దాని ఇంజను నంబరూ, చాసిస్ నంబరూ ఫ్యాక్టరీ కాగితాలతో సరిపోతాయనీ, అందుకే దానికి అంత విలువ అనీ చెప్పాను. “అసలైన బండి అంటే ఇదీ, మామయ్యా!” అన్నాను.

ఆయన చేతి గుడ్డ పక్కన పెట్టి, “అసలేంట్రా అల్లుడూ! ఫ్యాక్టరీవాడు మాత్రం చేసిందేంటి? ఒకదాంట్లోది పీకి ఇంకోదాంట్లో పెట్టడమేగా” అన్నాడు. షెడ్డు మూలనున్న ప్రీమియర్ 118 ఎన్‌ఈ వైపు చెయ్యి చూపించాడు. “దాని సంగతి చెప్పు. బాడీ ఫియట్ వాళ్ళది. ఇంజను నిస్సాన్ వాళ్ళ ఏ-12. అమ్మింది బొంబాయి వాళ్ళు. ఇందులో అసలేదో నువ్వు ఎమ్మే చదివావు కాబట్టి చెప్పు.”

నేను జవాబు చెప్పలేకపోయాను. 1985లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఆ కారు వివరాలు ఆయన చెప్పినట్టే వున్నాయి. ఆ తర్వాత జపాను కార్ల చరిత్ర చదివినకొద్దీ మా మామయ్య విసురుగా అన్న మాటలో నేననుకున్నదానికంటే ఎక్కువ సత్యం వుందని తెలిసివచ్చింది.

1

మొదట నిస్సాన్ సంగతి చూద్దాం. యుద్ధంలో ఓడిన జపాను కర్మాగారాలకు కొత్త ఇంజను తయారుచేసుకునే స్తోమత వెంటనే రాలేదు. 1952లో నిస్సాన్ సంస్థ ఇంగ్లండులోని ఆస్టిన్ సంస్థతో ఒప్పందం చేసుకొని వాళ్ళ కార్లను జపానులో బిగించడం మొదలుపెట్టింది. క్రమంగా ఆ కారు భాగాలన్నీ జపానులోనే తయారయ్యాయి. 1489 సి.సి.ల ఆస్టిన్ ఇంజను చేసే యంత్రసామగ్రి ఆ విధంగా నిస్సాన్ చేతికి వచ్చింది.

తన చిన్న డాట్సన్ కారుకు ఒక కొత్త ఇంజను కావలసి వచ్చినప్పుడు నిస్సాన్, అమెరికాలో విల్లీస్ సంస్థలో పనిచేసి విరమించిన డోనాల్డ్ స్టోన్ అనే ఇంజనీరు సలహా తీసుకుంది. ఆయన కొత్త ఇంజను గీయవద్దన్నాడు. వున్న ఆస్టిన్ ఇంజనులోనే 73 మిల్లీమీటర్ల బోరును అలాగే వుంచి, 89 మిల్లీమీటర్ల స్ట్రోకును 59కి తగ్గించమన్నాడు. అలా చేస్తే 988 సి.సి.ల ఇంజను వస్తుంది. యంత్రాలు చాలావరకు పాతవే సరిపోతాయి. జపాను వాళ్ళు దాన్ని ‘స్టోన్ ఇంజను’ అని పిలుచుకున్నారు. ఆ ఇంజనుతో వచ్చిన డాట్సన్ 210, 1958లో ఆస్ట్రేలియా ఖండాన్ని చుట్టివచ్చే మోబిల్‌గ్యాస్ పోటీలో తన తరగతిలో గెలిచింది. ఆ జట్టుకు నాయకత్వం వహించిన కతయామా యుతకా తర్వాత అమెరికాలో నిస్సాన్ వ్యాపారాన్ని నిలబెట్టాడు.

ఇక్కడ ఒక విషయం గుర్తించాలి. జపాను మోటారు పరిశ్రమకు విదేశాలలో దక్కిన తొలి విజయాల్లో ఒకటి, ఇంకొకరి ఇంజనును కోసి కుదించగా వచ్చినది. దీన్ని అనుకరణ అని తీసిపారేసేవారు వున్నారు. అనుకరించేవాడు వున్నదాన్ని వున్నట్టు దించుతాడు. ఏది వుంచాలో, ఏది తగ్గించాలో తెలిసి చేసినవాడి పని వేరు.

2

రెండో ఉదాహరణ ఇంతకంటే ముఖ్యమైనది. నేను మామయ్యకు చూపించిన స్కైలైన్ వంశం కథే అది.

స్కైలైన్ మొదట నిస్సాన్ కారు కాదు. ప్రిన్స్ అనే సంస్థది. ఆ సంస్థ మూలాలు తచికావా, నకజిమా విమాన కర్మాగారాల్లో వున్నాయి. యుద్ధానంతరం ఆక్రమణ ప్రభుత్వం జపానులో విమాన నిర్మాణాన్నీ పరిశోధననూ నిషేధించింది. రెక్కలు గీసిన ఇంజనీర్లు బతుకుతెరువుకు బ్యాటరీతో నడిచే కార్లూ, తర్వాత పెట్రోలు కార్లూ గీశారు. 1957లో మొదటి స్కైలైన్ వచ్చింది.

1963లో సుజుకా పందెపు బాటపై మొదటి జపాన్ గ్రాండ్ ప్రీ జరిగింది. ప్రిన్స్ కార్లు అందులో ఘోరంగా ఓడిపోయాయి. మరుసటి సంవత్సరం పోటీకి సకురాయ్ షినిచిరో బృందం ఏం చేసిందంటే, నాలుగు సిలిండర్ల 1500 సి.సి. స్కైలైన్‌లో, తమ పెద్ద కారు గ్లోరియాకు వాడే ఆరు సిలిండర్ల 2000 సి.సి. ఇంజను పెట్టాలని నిర్ణయించింది. ఆ ఇంజను బోనెట్ కింద పట్టదు. అందుచేత కారు ముందుభాగాన్ని కోసి 200 మిల్లీమీటర్లు పొడిగించారు. చక్రాల మధ్య దూరం 2390 నుంచి 2590 మిల్లీమీటర్లకు పెరిగింది. ఈ పని విజయవాడలో జరిగితే మనం ‘ఆటోనగర్ పని’ అని నవ్వుతాము. టోకియోలో జరిగింది కాబట్టి ‘స్కైలైన్ జీటీ’ అన్నారు. పోటీ నిబంధన ప్రకారం ఇటువంటివి నూరు కార్లు తయారుచేయవలసి వచ్చింది.

1964 మే నెలలో జరిగిన ఆ పందెంలో జర్మనీ నుంచి వచ్చిన పోర్షే 904 గెలిచింది. అది పందెం కోసమే పుట్టిన కారు. కాని ఒక చుట్టులో ఇకుజావా తెత్సు నడిపిన స్కైలైన్ దాన్ని దాటి ముందు నిలిచింది. చివరికి రెండవ స్థానం నుంచి ఆరవ స్థానం వరకు అన్నీ స్కైలైన్‌లే. జపాను ప్రేక్షకులు గుర్తుపెట్టుకున్నది గెలిచిన కారును కాదు, ఆ ఒక్క చుట్టును. 1966లో ప్రిన్స్ నిస్సాన్‌లో కలిసిపోయింది. 1969లో వచ్చిన మొదటి స్కైలైన్ జీటీ-ఆర్‌లో మళ్ళీ ఒక అమరిక జరిగింది: ప్రిన్స్ పందెపు కారు ఆర్-380 ఇంజనునుంచి పుట్టిన ఎస్-20ని నాలుగు తలుపుల ఇంటికారులో పెట్టారు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో ‘అసలు ప్రతి’ ఏది? ముక్కు కోయని 1500 సి.సి. కారు చరిత్రలో మరుగున పడింది. ముక్కు కోసిన కారు ఇతిహాసమైంది. నేడు లోకం అసలైనదని దాచుకుంటున్న వస్తువు, పుట్టుకతోనే మార్పు చెందిన వస్తువు.

3

ఇంతవరకు చెప్పినది సంస్థలు చేసిన పని. సామాన్యులు చేసిన పని దీనికి కొనసాగింపు.

1967లో నిస్సాన్ 510 అనే బ్లూబర్డ్ కారు తెచ్చింది. అమెరికాలో అది డాట్సన్ 510 అయింది; ధర రెండు వేల డాలర్లకు లోపు. 1595 సి.సి. ఇంజను, 96 గుర్రాల శక్తి. ఆ ధరలో అరుదైన గుణం ఒకటి దానికి వుంది: వెనక చక్రాలు రెండూ దేనికది స్వతంత్రంగా కదులుతాయి. ఒక చక్రం గుంటలో పడితే రెండోది వంగదు. పీటర్ బ్రాక్ జట్టు, జాన్ మార్టన్ నడపగా, 1971లోనూ 1972లోనూ ఆల్ఫా రోమియోలవంటి కార్లతో పోటీపడి అమెరికాలో రెండున్నర లీటర్ల తరగతి ట్రాన్స్-యామ్ ఛాంపియన్‌షిప్‌ను ఈ కారుతోనే గెలిచింది.

తర్వాత ఈ కార్లు పాతబడ్డాయి. చవకగా విద్యార్థుల చేతుల్లోకీ చిన్న ఉద్యోగుల చేతుల్లోకీ వచ్చాయి. 1970ల మధ్యలో నిస్సాన్ తన పెద్ద కార్లకు ఎల్-20-బి అనే 1952 సి.సి. ఇంజను వాడింది. అది 510లోని ఎల్-16కు అన్న వంటిది. ఎత్తు కాస్త ఎక్కువే అయినా పాత గేరుబాక్సుకు బిగుస్తుంది. తుక్కు దుకాణంలో దాన్ని కొని, వారాంతంలో ఇద్దరు మిత్రులు కలిసి 510లో బిగించుకోగలిగేవారు. 280 జడ్‌ఎక్స్ కారు ముందు స్ట్రట్లూ వాటితోపాటు మెరుగైన డిస్కు బ్రేకులూ దీనికి కుదిరాయి. డిఫరెన్షియల్ సంగతి మరీ ఆసక్తికరం. నిస్సాన్ వాటిని ఆర్-160, ఆర్-180, ఆర్-200 అని పిలిచింది. ఆ అంకెలు లోపలి క్రౌన్ చక్రం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో చెబుతాయి. ఆర్-160 రకాన్నే సుబారు సంస్థ కూడా వాడింది. ఆ విధంగా సుబారు కారు డిఫరెన్షియల్ డాట్సన్ కిందికి చేరింది.

ఈ పొందికలు ఏ సంస్థ ప్రకటించిన పుస్తకంలోనూ లేవు. కొలబద్ద పట్టుకొని తుక్కు గుట్టల్లో తిరిగినవాళ్ళు కనిపెట్టి ఒకరికొకరు చెప్పుకున్నవి. సంస్థలు వేటికవి గోడలు కట్టుకుని చేసిన వస్తువుల మధ్య బంధుత్వాలు కనిపెట్టింది వాడుకరులు. మోటారు చరిత్ర రాసేవారు ఫ్యాక్టరీ గేటు దగ్గర కలం ఆపేస్తారు. నా దృష్టిలో అది సగం చరిత్ర.

4

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అలాగైతే ఏ ఇంజను ఏ కారులో పెట్టినా మెచ్చుకోవాలా? అక్కరలేదు. ఈ పనిలో మంచి చెడ్డలను నిర్ణయించే సూత్రం ఒకటి వుంది. సాహిత్యంలో రూపం, వస్తువు అనే చర్చ తెలిసినవారికి అది సులభంగా బోధపడుతుంది.

1990లలో సిల్వియా కారుతో వచ్చిన ఎస్‌ఆర్-20-డీఈటీ అనే టర్బో ఇంజనును తీసుకుందాం. 1998 సి.సి.లు, 205 గుర్రాల శక్తి. దాన్ని ఎందరో 510లో పెట్టారు. అంటే 96 గుర్రాలకు గీసిన శరీరంలోకి రెండింతలకు పైగా శక్తి వచ్చింది. ఇంజను కూర్చునే మౌంటింగులు కొత్తవి చేయాలి. కింద ఆయిలు ఛాంబరు ముందు అడ్డ దూలానికి తగలకుండా దారి చూడాలి. గేరుబాక్సు మారింది కనుక ప్రొపెల్లర్ షాఫ్టును సరైన పొడవుకు చేయించి, అదురు లేకుండా తూకం కట్టించాలి. వేడి పెరిగింది కనుక రేడియేటరు పెద్దది కావాలి. వెనక డిఫరెన్షియల్ ఆ బలాన్ని తట్టుకోవాలి. ఇవన్నీ చేసి, పాత బ్రేకులు అలాగే వదిలేస్తే అది మృత్యువాహనం. ఒక భాగం మారినప్పుడు తక్కిన భాగాలన్నీ దానికి జవాబు చెప్పాలి. కొత్త వస్తువును పాత ఛందస్సులో కుక్కిన పద్యం పగిలిపోయినట్టే, జవాబు చెప్పలేని కారు రోడ్డుమీద పగిలిపోతుంది.

ఎర్రన అరణ్యపర్వ శేషాన్ని పూర్తిచేసినప్పుడు నన్నయ శైలితో ఎత్తుకుని, క్రమంగా తిక్కన శైలిని సమీపించాడని మన విమర్శకులు చెబుతారు. అతుకు కనిపించకపోవడంలో అతని ప్రతిభ వుంది. మంచి మెకానిక్కు పని కూడా అతుకు దగ్గరే తేలుతుంది.

దీన్ని గుర్తించనివారి వల్ల నష్టాలు జరిగాయని ఒప్పుకోవాలి. జపానులో రాత్రివేళ హైవేలమీదా కొండదారుల్లోనూ పందేలు కట్టినవారు తమ ప్రాణాలే కాదు, సంబంధం లేనివారి ప్రాణాలూ తీశారు. ఆ వేగోన్మాదాన్ని వీరత్వంగా వర్ణించే ధోరణితో నాకు ఏకీభావం లేదు. అయితే ఆ తప్పు ఇంజను మార్చడంలో లేదు. బాధ్యత లేకుండా మార్చడంలోనూ, బాధ్యత లేకుండా నడపడంలోనూ వుంది.

5

జపాను ప్రభుత్వం ఈ తేడాను ఎలా చూసిందో పరిశీలించడం అవసరం. 1951లో అక్కడ రోడ్డు రవాణా వాహనాల చట్టం వచ్చింది. ‘షాకెన్’ అనే నిర్బంధ తనిఖీకి అదే ఆధారం. సొంత కారుకు కొన్న మూడేళ్ళకు మొదటి తనిఖీ, ఆపైన రెండేళ్ళకొకటి. అది ఖర్చుతో కూడిన పని. అందుచేత ఇంకా నడిచే కార్లను కూడా చాలామంది వదిలించుకుంటారు. వాటి ఇంజన్లు విప్పి ఆస్ట్రేలియా, న్యూజీలాండు, మలేషియావంటి దేశాలకు ఎగుమతి చేస్తారు. ఇతర దేశాలలో ఈ కళ వర్ధిల్లడానికి ఇది ఒక ముఖ్య కారణం. జపాను ఇంజన్లు అనేకం 1998 సి.సి. దగ్గర ఆగడం కూడా యాదృచ్ఛికం కాదు. రెండు వేలు దాటితే కారు మరో తరగతి కిందికి పోతుంది, పన్ను పెరుగుతుంది.

ఆ చట్టం ఇంజను మార్పును మూసివేయలేదు. మార్చినవాడు కాగితాలు సమర్పించాలి: కొత్త శక్తికి ప్రొపెల్లర్ షాఫ్టు, బ్రేకులు ఆగుతాయని లెక్కకట్టి చూపాలి. పరీక్షలో నెగ్గితే కొత్త వివరాలు రిజిస్ట్రేషనులో చేరతాయి. 1995లో స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లవంటి భాగాల మార్పుకు నిబంధనలు మరికొంత సడలించారు. “మార్చావా?” అని అడిగి అక్కడితో ఆగకుండా, “మార్చినదానికి లెక్క వుందా?” అని అడగడం ఆ పద్ధతిలోని విశేషం.

చట్టంకంటే గట్టిగా ఈ పనిని ఇప్పుడు కట్టివేస్తున్నది మార్కెట్టు. అమెరికాలో 1988 నాటి చట్టం ప్రకారం, అక్కడి ప్రమాణాలకు లోబడని విదేశీ కారు ఇరవై అయిదేళ్ళు నిండితే తప్ప సులభంగా దిగుమతి కాదు. 1989 నాటి స్కైలైన్ జీటీ-ఆర్‌కు 2014లో ఆ గడువు నిండింది. ధరలు ఎగిసిపోయాయి. మార్పు చేయనిది మార్చినదానికంటే ప్రియమైంది. ఒకప్పుడు విద్యార్థి విప్పి నేర్చుకున్న కారు ఇప్పుడు ధనికుడి గాజుగదిలో కదలకుండా నిలబడుతున్నది. నంబర్లు సరిపోవడం గుణమైంది, నడవడం అప్రధానమైంది. మేము ప్రతులను పరిష్కరించడం చదువరి కోసం. ఈ పరిరక్షణ ఎవరి కోసం?

ఇందుకు ఎదురు సాక్ష్యం తయారీదారే ఇచ్చాడు. 1983లో టొయోటా తెచ్చిన ఏఈ-86 కారు, అదే తరం కరోలాలు ముందు చక్రాలతో నడుస్తుండగా, వెనక చక్రాల నడకనే నిలుపుకుంది. షిగెనో షుయిచి 1995లో మొదలుపెట్టిన ‘ఇనిషియల్ డి’ బొమ్మల కథ దానికి ప్రపంచమంతటా పేరు తెచ్చింది. ఆ కథలో కూడా కారు ఇంజను పగిలిపోతుంది, దాని చోట వేరే ఇంజను వస్తుంది. 2023 జనవరిలో టొయోటా స్వయంగా రెండు పాత ఏఈ-86లను మార్చి ప్రదర్శించింది. ఒకటి హైడ్రోజన్‌ను మండించి నడుస్తుంది. రెండోదానిలో ఇంజను స్థానంలో విద్యుత్ మోటారు, కాని గేరు మార్చే కర్ర అలాగే వుంది. పాత కార్లను పారేయకుండా, పొగలేని కాలంలోకి తీసుకుపోయే దారి ఇదని ఆ సంస్థ వాదం. నలభై ఏళ్ళపాటు చిన్న షెడ్లలో జరిగిన పనికి ఇంతకంటే పెద్ద అంగీకారం ఏం కావాలి?

6

తిరిగి మా మామయ్య షెడ్డుకు వస్తాను. ఆ మూలనున్న 118 ఎన్‌ఈ ఒక రిటైరయిన బడిపంతులు గారిది. ఇంజను దిమ్మ పగిలింది. ఏ-12 భాగాలు దొరకలేదు. మామయ్య అంతే శక్తి గల మరో జపాను ఇంజను తెచ్చి, మౌంటింగులు చేసి, షాఫ్టు కత్తిరించి తూకం కట్టించి, పాత బ్రేకులు తీసి మంచివి వేసి నడిపించాడు. కాని సంబంధిత కార్యాలయంలో కాగితాలు తిరగ్గొట్టారు. మన 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదంటుంది. ఇంధనం మార్పువంటివాటికి మినహాయింపు వుంది. 2019లో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. ప్రజల భద్రత దాని ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. కాని ఆ కారు బ్రేకులు ఎవరూ తొక్కి చూడలేదు. ‘తయారీదారు పేర్కొన్నది’ అన్న మాట దగ్గర విచారణ ఆగిపోయింది. ఆ తయారీదారు ఇటలీ శరీరంలో జపాను ఇంజను పెట్టినవాడే అన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

పంతులుగారు ఆ కారును తూకానికి అమ్మేశారు. “ఎందుకు మామయ్యా అంత కష్టపడ్డావు?” అని అడిగాను. “కష్టం పోతే పోయిందిలేరా. ఆ కొలతలు నాకొక్కడికే తెలుసు. నా తర్వాత ఎవడికి చెప్పను?” అన్నాడు.

ఆ మాటే నన్ను ఈ వ్యాసానికి పురికొల్పింది. స్టోన్ ఇంజను కొలతలు చరిత్రలో నిలిచాయి. స్కైలైన్ ముక్కు పొడిగించిన 200 మిల్లీమీటర్లు ఎక్కువా తక్కువా కాకుండా నిలిచాయి. వాటి వెనక సంస్థలు వున్నాయి కనుక నిలిచాయి. అదే రకం తెలివి, అదే రకం చేతినైపుణ్యం ఆటోనగర్ షెడ్లలో ఏ పుస్తకానికీ ఎక్కకుండా వుంది. తాళపత్రాలు చెదలు తింటున్నాయని మనం వాపోతాము, పరిష్కర్తలను పంపిస్తాము. బతికి వున్న ఈ గ్రంథాల దగ్గరకు మాత్రం ఎవరూ వెళ్ళడం లేదు. లెక్క చూపినవాడి మార్పును పరీక్షించి ఒప్పుకునే పద్ధతి మన చట్టంలో రావాలి. అది వచ్చేలోగా మనం చేయదగిన చిన్న పని ఒకటి వుంది. వచ్చే వేసవి సెలవుల్లో నేను ఒక నోటు పుస్తకం తీసుకొని మామయ్య షెడ్డులో కూర్చోబోతున్నాను. ఆయన చెబుతాడు, నేను కొలతలు రాసుకుంటాను.